పిట్ట కోసమా... చుక్క కోసమా?

ఒకే దుకాణంలో పక్కపక్కనే వేలాడే రెండు ఎయిర్ రైఫిళ్లు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ ఒకటి వేటకి పుట్టింది, ఇంకొకటి అర మిల్లీమీటరు చుక్కని కొట్టడానికి పుట్టింది. కొనబోయే ముందు ఆ తేడా తెలుసుకోకపోతే డబ్బులే కాదు, ఒక్కోసారి అంతకన్నా విలువైనవీ పోతాయి.

జాతరకెళ్లినా, నాంపల్లి నుమాయిష్‌కెళ్లినా ఆ దుకాణం ముందు ఆగని పిల్లలుండరు. అట్ట మీద వరసగా రంగురంగుల బెలూన్లు. ఇవతల బల్ల మీద ఓ పాత తుపాకీ. డబ్బులిస్తే చేతిలో నాలుగు గుండ్లు పోస్తాడు దుకాణదారు. గొట్టాన్ని మధ్యకి విరిచి, గుండు పెట్టి, మూసి, ఒక కన్ను మూసి పేల్చడమే. 'ఠప్'మంటే బెలూన్ పోయినట్టు. 'టక్'మంటే గుండు అట్టకి తగిలినట్టు. (ఎన్నిసార్లు పేల్చినా 'టక్' అనే అంటోందా? తప్పంతా మీదే కాకపోవచ్చు. ఏళ్లతరబడి ఊళ్లు తిరిగిన ఆ తుపాకీకి గురి ఎప్పుడో పక్కకి జరిగి ఉంటుంది.)

చాలా ఇళ్లలో కోరిక అక్కడే మొదలవుతుంది. 'నాన్నా, నాకో ఎయిర్‌గన్ కొనవా?' అని. టీవీలో ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా ఆ కోరిక కాస్తా పట్టుదలైపోతుంది. పొలం ఉన్నవాళ్లయితే కోతుల బాధ పడలేక వాళ్లంతట వాళ్లే దుకాణానికి వెళ్తారు. అక్కడ అందరూ అడిగేది ఒకటే... 'ఏది పవర్‌ఫుల్?'

అసలు చిక్కంతా ఆ ప్రశ్నతోనే!

స్వర్ణం తెచ్చిన గాలి

2008 ఆగస్టు 11, బీజింగ్. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్. అర్హత పోటీలో 596 పాయింట్లతో నాలుగో స్థానంలో ఉన్న అభినవ్ బింద్రా ఫైనల్‌కి ముందు గురి సరిచూసుకునేందుకు ఒక గుండు పేల్చాడు. పదికి దగ్గర్లో పడాల్సింది నాలుగు దగ్గర పడింది. గురి చూసే పరికరం ఎందుకో పక్కకి జరిగిపోయింది. మనమైతే అక్కడే చేతులెత్తేస్తాం. అతను దాన్ని తిప్పి సరిచేసుకుని పోటీకి దిగాడు. ఆఖరి గుండుకి ముందు ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హాకినెన్‌తో సరిసమానం. హాకినెన్ 9.7 కొట్టాడు. బింద్రా 10.8. మొత్తం 700.5 పాయింట్లతో స్వర్ణం. ఒలింపిక్స్ వ్యక్తిగత విభాగంలో మన దేశానికి అదే తొలి బంగారు పతకం.

ఆ పోటీలో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కూడా ఉన్నాడు. అర్హతలో 595. ఫైనల్‌కి వెళ్లినవాళ్లలో అదే స్కోరు చేసినవాళ్లున్నారు. టై విడగొట్టే లెక్కలో గగన్ ఆగిపోయాడు. నాలుగేళ్లు ఆగి, 2012లో లండన్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చుకున్నాడు.

ఇప్పుడో చిన్న లెక్క. ఇలాంటి పోటీ రైఫిల్‌లో వాడే సీసపు గుండు బరువు దాదాపు అర గ్రాము. అది గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. లెక్క కడితే దాని శక్తి ఏడున్నర జౌళ్లకు కాస్త అటూఇటూగా తేలుతుంది. బజారులో కొన్ని వేల రూపాయలకి దొరికే మామూలు స్ప్రింగు తుపాకుల్లో చాలావాటికి ఇంతకన్నా ఎక్కువ శక్తే ఉంటుంది. అంటే 'పవర్‌ఫుల్'దే మంచిదనుకునేవాళ్ల లెక్కలో ఒలింపిక్ రైఫిల్ ఆఖరి బెంచీలో కూర్చోవాలి!

ఎందుకిలా? పది మీటర్ల దూరంలో ఉండే కాగితానికి చిల్లు పెట్టడానికి అంత బలం అక్కర్లేదు. కావాల్సింది వేసిన ప్రతిసారీ ఒకేలా వెళ్లడం. ఆ కాగితం మీద లక్ష్యం మొత్తం కలిపి 45.5 మిల్లీమీటర్లు. మధ్యలో పది పాయింట్ల చుక్క... అర మిల్లీమీటరు. పెన్నుతో పెట్టిన చుక్కంత. గుండేమో 4.5 మిల్లీమీటర్లు. గుండు అంచు ఆ చుక్కని తాకితే పది. నట్టనడిమిన పడితే 10.9. ఇప్పటి పోటీల్లో అరవై గుండ్లు, గంటా పావు సమయం. అన్నీ నట్టనడిమిన పడితే 654. అలా ఇంతవరకు ఎవరూ కొట్టలేదు.

మూడు రకాల గాలి

ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గుండుని తోసేది గాలే. ఆ గాలిని ఎలా బిగిస్తారన్న దాన్నిబట్టే రకం, ధర, గురి మారిపోతాయి.

జాతర తుపాకీ స్ప్రింగు రకం. గొట్టం విరిచినప్పుడు లోపల బలమైన స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది పిస్టన్‌ని ముందుకి తంతుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి గుండుని తోస్తుంది. సైకిల్ పంపు రంధ్రానికి వేలు అడ్డం పెట్టి గట్టిగా కొడితే ఏమవుతుందో అదే. విడిగా సిలిండరు, పంపు ఏమీ అక్కర్లేదు. సరిగ్గా చూసుకుంటే తరాలు వస్తుంది. మన దేశంలో సిమెంటు గొట్టాలకి పేరుపడ్డ ఇండియన్ హ్యూమ్ పైప్ కంపెనీ కూడా ఇలాంటి రైఫిళ్లు తయారుచేసిందంటే చాలామంది నమ్మరు. ప్రిసిహోల్ లాంటి దేశీ కంపెనీలు తర్వాత వచ్చాయి.

దీనితో వచ్చే తంటా ఒక్కటే. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే లోపల పిస్టన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. దాంతో తుపాకీ మొత్తం ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఊగుతుంది. గట్టిగా పట్టుకుంటే గురి ఇంకా చెడుతుంది. అరచేతిలో ఊరికే ఆనించి, దాని మానాన దాన్ని ఊగనివ్వాలి. స్ప్రింగు తుపాకీతో బాగా కొట్టడం నేర్చినవాళ్లు ఏ తుపాకీతోనైనా కొడతారని షూటర్లు అనేది అందుకే. మరో మాట... గుండు లేకుండా దీన్ని ఊరికే పేల్చకూడదు. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ పోయి గోడకి గుద్దుకున్నట్టు గుద్దుకుని లోపలి సీలు పాడవుతుంది.

రెండోది కార్బన్ డయాక్సైడ్ గ్యాసు డబ్బాతో నడిచేది. చలికి ఒత్తిడి పడిపోతుంది, ఎండకి పెరుగుతుంది. సరదాకి బాగానే ఉంటుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు.

మూడోది ముందే గాలి నింపి పెట్టుకునేది. షూటర్లు 'పీసీపీ' అంటారు. గొట్టం కింద చిన్న సిలిండరు ఉంటుంది. అందులో ఒత్తిడి 200 బార్ల దాకా. మన కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంటే దాదాపు వంద రెట్లు! ట్రిగ్గర్ నొక్కితే ఒక కవాటం కొలిచినట్టు కాస్త గాలిని వదులుతుంది. ఊగడం దాదాపు ఉండదు. ఒలింపిక్స్‌లో కనిపించే ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తర్, స్టెయర్, అన్షుట్జ్... అన్నీ ఇవే. అయితే ఆ సిలిండరుకి కాలపరిమితి ఉంటుంది. సాధారణంగా పదేళ్లు. దాని మీద తేదీ చెక్కి ఉంటుంది. పాత రైఫిల్ చవగ్గా వస్తోందని కొనేవాళ్లు ముందు చూడాల్సింది మెరుపు కాదు, ఆ తేదీ.

వేటగాడి లెక్క వేరు

ఇక రెండో జాతి సంగతి. బ్రిటన్‌లో పొలాల మీద పడే కుందేళ్లని, అడవి పావురాళ్లని, గాదెల్లో ఎలుకల్ని ఎయిర్ రైఫిల్‌తో కొట్టడం పాత అలవాటు. అక్కడి వేటగాళ్లు ఎక్కువగా వాడేది 5.5 మిల్లీమీటర్ల గుండు. మనం '22 బోరు' అనేది. బరువు సుమారు ఒక గ్రాము. సెకనుకి 180 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి పదహారు జౌళ్లు. అంటే బింద్రా లాంటివాళ్ల రైఫిల్‌కి రెట్టింపు. ఇంగ్లండ్, వేల్స్‌లలో లైసెన్సు లేకుండా ఉంచుకోగల హద్దు కూడా దాదాపు అంతే. స్కాట్లాండ్‌లో అయితే 2016 ఆఖరు నుంచి ఆ హద్దు లోపలి తుపాకీకీ ధ్రువపత్రం కావాల్సిందే. రైఫిల్ కొనాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. కొట్టే చోటు సొంతానిదైనా కావాలి, యజమాని అనుమతైనా ఉండాలి.

వేట రైఫిల్‌కి కళ్లజోడు లాంటి టెలిస్కోపు ఉంటుంది. ఒలింపిక్ రైఫిల్‌కి అది నిషిద్ధం. సన్నటి రంధ్రంలోంచి చూసి, ముందున్న రింగులో నల్లటి లక్ష్యాన్ని కూర్చోబెట్టాలి. వేట రైఫిల్ తేలిగ్గా ఉండాలి, భుజానికేసుకుని పొలం గట్ల మీద నడవాలి కదా. పోటీ రైఫిల్ ఐదున్నర కిలోలు మించకూడదు, కానీ ఆ హద్దుకి దగ్గరగా ఉండటమే షూటర్లకి ఇష్టం. బరువుంటే వణుకు తక్కువ. పోటీ రైఫిల్ ట్రిగ్గర్ వేలి మీద ఈక వాలినట్టు కదులుతుంది. అదే ట్రిగ్గర్ పొలంలో ఉంటే ముల్లు తగిలినా పేలిపోతుంది. గుండ్లూ వేరే. కాగితానికి గుండ్రటి చిల్లు కోసం ముందుభాగం బల్లపరుపుగా ఉండే గుండ్లు. దూరం వెళ్లాలంటే బోడితల గుండ్లు.

అయినా బ్రిటన్ వేటగాళ్లే ఒక మాట చెబుతారు. జంతువు తలలో ప్రాణం పోయే చోటు రూపాయి బిళ్లంత. పాతిక, ముప్ఫై మీటర్ల దూరంలో వేసిన ప్రతి గుండూ ఆ బిళ్లలో పడితేనే వేటకి రావాలని. లేకపోతే ఆ జీవి చావదు. గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి తీసుకుంటుంది. అంటే కొనేటప్పుడు బలం చూసినా, కొట్టేటప్పుడు అక్కరకొచ్చేది మళ్లీ గురే!

అమెరికా దారి ఇంకోటి. కొన్ని రాష్ట్రాల్లో జింకని కూడా పెద్ద బోరు ఎయిర్ రైఫిల్‌తో వేటాడనిస్తారు. అవి పదకొండు, పన్నెండు మిల్లీమీటర్ల గుండ్లు వదిలే రాక్షసులు. శక్తి వందల జౌళ్లలో ఉంటుంది. అక్కడి సూపర్‌మార్కెట్లలో ఎయిర్ రైఫిల్ డబ్బాలు చూసి మురిసిపోయే మనవాళ్లకి ఓ హెచ్చరిక. డబ్బా మీద 'సెకనుకి 1200 అడుగులు' అని పెద్ద అక్షరాలుంటాయి. అది బాగా తేలికైన గుండుతో కొలిచిన వేగం. శబ్దవేగానికి దగ్గరపడితే ఈ గుండ్లు గాలిలో తొణుకుతాయి, గురి తప్పుతుంది. అంత వేగం అమ్మకానికే తప్ప కొట్టడానికి పనికిరాదు. ఇక వాటిని సెలవులకొచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకుందామనుకుంటారా... వద్దు. ఎయిర్ రైఫిళ్ల దిగుమతి మీద మన దగ్గర ఆంక్షలున్నాయి. కస్టమ్స్ వాళ్ల దగ్గర బావగారి సెలవులు సగం అయిపోతాయి.

ఇక్కడ వేట లేదు

మరి మన దగ్గర? 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గుండు సైజు 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్ల లోపు ఉంటే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. బోరు గానీ బలం గానీ అది దాటితే మామూలు తుపాకీలాగే లైసెన్సు కావాలి. స్ప్రింగు మార్చి, సిలిండరు సర్ది 'బలం పెంచి ఇస్తాం' అనేవాళ్ల మాట వింటే లైసెన్సు లేని ఆయుధం పెట్టుకున్నట్టే.

లైసెన్సు అక్కర్లేదు కాబట్టి దేన్నైనా కొట్టొచ్చు అనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడమూ వేటే, ప్రయత్నించడమూ వేటే. కౌజు, గువ్వ, కొంగ, కుందేలు... మన పొలాల్లో కనిపించేవన్నీ దాదాపు దాని కిందికే వస్తాయి. ఒకప్పుడు కాకి, ఎలుక, గబ్బిలం లాంటివాటిని 'హానికర జీవులు' అని విడిగా ఒక జాబితాలో పెట్టేవారు. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది. జరిమానాలూ పెంచింది. మామూలు నేరానికే మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జీవి మొదటి షెడ్యూల్‌లో ఉంటే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. చిన్నప్పుడు పిట్టల్ని కొట్టి కాల్చుకు తిన్న కథలు తాతయ్యలు ఇప్పటికీ సరదాగా చెబుతుంటారు. మనవడు అదే చేసి ఫొటో తీసి ఫోన్లో పెడితే అటవీశాఖ జీపు ఇంటికొస్తుంది.

కోతుల సంగతో? రైతు కడుపుమంట అబద్ధం కాదు. మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళకి మంద దిగితే ఎవరికైనా తుపాకీ పట్టాలనే అనిపిస్తుంది. కానీ కోతినైనా, వీధికుక్కనైనా కొట్టి అవిటిదాన్ని చేస్తే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. చట్టం మాట అటుంచినా ఈ తుపాకీ ఆ పనికి పనికిరాదు. కోతి చావదు, గుండు ఒంట్లో ఉండిపోయి పుండవుతుంది. అడవిపందికైతే మరీ... దానికి కోపం తెప్పించడానికి తప్ప ఎందుకూ కొరగాదు. ఎదురుగా పంది వస్తుంటే మళ్లీ గొట్టం విరిచి గుండు పెట్టే సమయం ఉంటుందా?

గాలే కదా అనుకుంటే...

1803 ఆగస్టు ఆఖర్లో అమెరికాలో ఓ సంఘటన జరిగింది. పశ్చిమ తీరానికి దారి కనుక్కునేందుకు బయల్దేరిన మెరీవెదర్ లూయీస్ వెంట ఒక వింత తుపాకీ ఉంది. మందు అక్కర్లేదు, పొగ రాదు. గిరాండోని అనే ఆయన రూపొందించిన అదే రకం గాలి తుపాకుల్ని ఆస్ట్రియా సైన్యం కూడా వాడింది. దాదాపు ఇరవై గుండ్లు వరసగా పేలేవి. గాలి నింపాలంటే మాత్రం పదిహేను వందలసార్లు పంపు కొట్టాలి! పిట్స్‌బర్గ్ దగ్గర ఆగినప్పుడు లూయీస్ దాన్ని జనానికి చూపించాడు. తెలియనివాడి చేతికిచ్చాడు. అది పేలింది. నలభై గజాల దూరంలో నిలబడ్డ ఒక మహిళ టోపీలోంచి దూసుకెళ్లి కణత గీరింది. ఆమె నెత్తురోడుతూ పడిపోయింది. చనిపోయిందనే అనుకున్నారు. అదృష్టం, గాయం పైపైనే. ఆ సంగతి లూయీస్ తన దినచర్యలో రాసుకున్నాడు.

రెండొందల ఏళ్లు దాటినా ప్రమాదాలు జరిగే తీరు అదే. 'గుండు లేదనుకున్నా', 'ఊరికే అలా పెట్టా'. ఏడున్నర జౌళ్ల గుండైనా కంట్లో పడితే చూపు పోతుంది. పసిపిల్లల కణత ఎముక పల్చన. గురి తప్పిన గుండు రెండు మూడు వందల మీటర్లు పోగలదు. అపార్ట్‌మెంట్ డాబా మీద సీసా పెట్టి కొడితే అవతలి వీధిలో ఎవరో ఒకరుంటారు. గట్టి రాయికో ఇనుముకో కొడితే గుండు ఎగిరి మీవైపే వస్తుంది. ఇంట్లో సాధన చేసుకోవాలంటే వెనక గోడ, దాని ముందు గుండుని పట్టేసే ఇనుప డబ్బా, ఎవరూ అడ్డం రాని దారి ఉండాలి. కళ్లకి అద్దాలు ఉండాల్సిందే. గుండు సీసం కాబట్టి చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. నోట్లో గుండ్లు పెట్టుకుని ఒక్కోటీ తీసి వాడే అలవాటు కొందరికుంది. అది వెంటనే మాన్పించండి.

కొనేముందు రేంజికి

పిల్లాడు నిజంగా నేర్చుకుంటానంటున్నాడా? అయితే దుకాణానికి కాదు, ముందు షూటింగ్ రేంజికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరున్న రేంజి పాతదే. గగన్ నారంగ్ అకాడమీ కూడా నగరంలో పిల్లలకి శిక్షణ ఇచ్చింది. రేంజిలో వాళ్ల రైఫిల్‌తోనే మొదలుపెట్టనిస్తారు. కొన్ని నెలలు చూశాక కొనాలా వద్దా మీకే తెలుస్తుంది. ఎందుకంటే మంచి పోటీ రైఫిల్ రెండు, మూడు లక్షలు. దానికి తోడు బిరుసైన జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్... అదో పెళ్లి ఖర్చు. గుండ్లు కూడా ఒకే డబ్బాలోవి కాకుండా ఏ తుపాకీకి ఏవి సరిపోతాయో పరీక్షించి పెట్టెలకొద్దీ కొంటారు.

ఈ ఆటకి కండలు అక్కర్లేదు, ఎత్తు అక్కర్లేదు. చెవులు కూడా తప్పనిసరి కాదని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ చూపించాడు. పుట్టుకతోనే వినికిడి లేని ధనుష్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. మిక్స్‌డ్ టీమ్‌లో మరొకటి. 2025లో టోక్యోలోనూ స్వర్ణమే. చక్రాల కుర్చీలోంచి గురిపెట్టే రాజస్థాన్ అమ్మాయి అవనీ లేఖరా టోక్యో, పారిస్ పారాలింపిక్స్ రెండిట్లోనూ ఎయిర్ రైఫిల్ స్వర్ణాలు తెచ్చింది.

రేంజికెళ్లిన మొదటి రోజుల్లో చాలామంది పిల్లలు మొహం వేలాడేసుకుని వస్తారు. ఎందుకంటే గుండ్లివ్వరు. నిలబడటం నేర్పుతారు. ఎడమ మోచెయ్యి తుంటి మీద ఆనించి, రైఫిల్ పట్టుకుని, ఎదురుగా ఖాళీ తెల్లగోడ వైపు చూస్తూ ఊపిరి సగం వదిలి ఆపడం. ఐదు నిమిషాలకే చెయ్యి లాగుతుంది, నడుం నొప్పి పుడుతుంది. పిల్లాడు మర్నాడు కూడా తనంతట తానే లేచి తయారైతే, రైఫిల్ ధర గురించి అప్పుడు ఆలోచించొచ్చు.